అప్పుకి సంతకం కావాలి, ఇటుకకి మాట అక్కర్లేదా?

ఇసక ట్రాక్టరు మా ఇంటి ముందు తిరగబోసిన సాయంత్రం వీధిలోంచి నలుగురొచ్చారు. పని మొదలైన ఇంటికి వీధి జనం రావడం మా కోనసీమలో ఆనవాయితీ. అరుగు మీద కూర్చుంటారు, టీ తాగుతారు, గుప్పెడు ఇసక తీసి నలిపి "మట్టి పాలెక్కువండీ" అంటారు, లేచేటప్పుడు ఒక సలహా వదిలి వెళ్తారు. ఆ రోజు నలుగురూ కూడబలుక్కున్నట్టు ఒకటే సలహా ఇచ్చారు. "మాస్టారూ, ఇంటి పని ఒక్క చేతి మీద నడవాలండీ. మొగుడో మాటా పెళ్లామో మాటా అన్నారంటే ఇల్లూ లేవదు, కాపురమూ నిలవదు. అమ్మగారిని రంగులు చూసుకోమనండి." మేస్త్రి పక్కనే ఉన్నాడు. "ఆయ్, లక్ష రూపాయల మాటండి" అన్నాడు. అమ్మగారు అప్పుడు వంటింట్లో వాళ్లందరికీ సరిపడా గ్లాసులున్నాయో లేదో లెక్కపెడుతోంది.

ఇది ఆ నలుగురి సొంత అభిప్రాయం కాదు. 2022లో మన జిల్లాలు ముక్కలయ్యాయి గానీ, కాకినాడ వైపు వెళ్లినా భీమవరం వైపు వెళ్లినా ఈ మాట మాత్రం ఇంకా ఉమ్మడి ఆస్తిగానే ఉంది. సిమెంటు కొట్లో వినపడుతుంది, కలప డిపోలో వినపడుతుంది, గృహప్రవేశం భోజనాల బంతిలో వినపడుతుంది. ఆడవాళ్లే "నాకెందుకమ్మా, ఆయనే చూసుకుంటారు" అని గర్వంగా చెప్పుకోవడమూ విన్నాను. ఈ అభిప్రాయానికి మూడు కాళ్లున్నాయి. ఆలూమగలిద్దరూ తల దూరిస్తే తగువులు తప్పవన్నది మొదటిది. ఆడవాళ్లకి కట్టుబడి సంగతులు తెలియవన్నది రెండోది. కాంట్రాక్టుకిచ్చేసి తాళంచెవులు అందుకుంటే ఏ గొడవా ఉండదన్నది మూడోది. పదకొండు నెలలు దుమ్ములో కాపురం చేసినవాడిగా ఈ మూడు కాళ్లూ పుచ్చిపోయినవే అంటున్నాను.

తగువుల సంగతే ముందు తేల్చుకుందాం. వస్తాయి. రావని చెబితే మా ఆవిడే నవ్వుతుంది. ఆ పదకొండు నెలల్లో మేం మూడుసార్లు మాటలు మానేశాం. ఒకసారైతే మూడ్రోజులు ఇంట్లో వార్తలన్నీ మా అమ్మ ద్వారానే నడిచాయి. "సిమెంటు కొట్టువాడికి డబ్బు కట్టాలట, చెప్పవే" అని ఇటు, "బీరువాలో ఉందట, తీసుకోరా" అని అటు. ఎనభయ్యేళ్ల మనిషి ఆ మూడ్రోజులూ తెగ హుషారుగా ఉంది.

అయితే ఇంటి పని వల్ల చెడిపోయాయని ఊళ్లో చెప్పుకునే కాపురాలు నాకూ నాలుగైదు తెలుసు. వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూస్తే లోపల ఇటుకా ఇసకా కనపడవు. ఒకచోట శ్లాబు రోజు ఇనుము కొట్టుకి డబ్బు తీద్దామని బీరువా తెరిస్తే, ఆ డబ్బు ఆర్నెల్ల కిందటే ఆయన తమ్ముడి రొయ్యల చెరువులోకి వెళ్లిపోయిందని తేలింది. ఇంకోచోట ఆవిడ చీటీ పాటలో పోగొట్టుకున్న సొమ్ము రెండేళ్లుగా దాచింది. మరోచోట పుట్టింటివాళ్లు పెట్టిన నల్లపూసల గొలుసు తాకట్టులో ఉందన్న సంగతి గొలుసు పెట్టుకునే మనిషికే తెలియదు. మేస్త్రి పాత గోడని సుత్తితో తట్టి చూస్తాడు. పూత గట్టిగా పట్టి ఉన్నచోట ఠంగుమంటుంది, వదిలేసిన చోట డొల్ల పలుకుతుంది. డొల్ల పలికిందని సుత్తిని తిట్టే మేస్త్రిని నేనింతవరకూ చూళ్లేదు. కాపురాల దగ్గరకొచ్చేసరికి ఊరంతా సుత్తినే తిడుతుంది.

ఇక ఆడవాళ్లని ఇంటి పనికి దూరంగా ఉంచాలనే పెద్దలకి ఒక చిన్న లెక్క అప్పజెబుతాను. మా ఇంట్లో రోజుకి సగటున ఏడుగురు పనివాళ్లు. పొద్దున పదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడున్నరకి ఒకసారి టీ. ఎండాకాలం మజ్జిగ. పొయ్యి వంటింట్లోంచి వెనక వసారాలోకి, వసారాలోంచి కొబ్బరి చెట్టు కింద రేకుల పందిట్లోకి మారింది. ప్రతిరాత్రీ మంచాల మీంచి సున్నం దులిపి పక్కలు వెయ్యడం, తెల్లారి మళ్లీ ఎత్తడం. వంటింటి మీద శ్లాబు పోశాక పైన చిన్న చిన్న గట్లు కట్టి, వరి మడికి పెట్టినట్టు నీళ్లు పెడతాం కదా, ఆ మళ్లు ఎండకుండా నిచ్చెనెక్కి పొద్దునా సాయంత్రం చూసింది మా ఆవిడే. శ్లాబు గట్టితనం సిమెంటు బస్తా మీద బొమ్మలో ఉండదు, మొదటి రెండు వారాల నీళ్లలో ఉంటుంది. ఇంత చేసిన మనిషిని గురించి గృహప్రవేశంనాడు మా బంధువొకాయన "అమ్మాయికి ఏ శ్రమా లేకుండా మావాడే అంతా చూసుకున్నాడు" అన్నాడు. నేను పక్కనే ఉండి మురిసిపోయాను కూడా. ఆ మురిపానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఇంటి పనిలో ఆడవాళ్లని కలుపుకోవాలా వద్దా అన్న ప్రశ్నే తప్పు. వాళ్లు పలుగు దిగిన రోజు నుంచీ అందులోనే ఉన్నారు. మాట ఒక్కటే ఇవ్వలేదు.

రెండో కాలు, తెలియదన్నది. తెలుసుకోవడం అంటే ఏమిటో మా ఇంటి గోడ దగ్గర చెబుతాను. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు, సముద్రం వైపు వెళ్లేకొద్దీ అందులో ఉప్పు. పాత ఇళ్ల గోడలు గానుగ సున్నంతో కట్టినవి. ఆ గోడ కిందనుంచి చెమ్మ పీల్చుకున్నా పైపూతలోంచి బయటికి వదిలేస్తుంది. ఈ పనికి పదేళ్ల ముందు మా పడమటింట్లో పెచ్చులూడుతున్నాయని నేనే పెత్తనం చేసి మూడడుగుల ఎత్తుదాకా సిమెంటు పూత పూయించాను. గట్టిగా, నున్నగా, అందంగా వచ్చింది. చెమ్మకి బయటికి దారి లేక పైకెక్కింది. రెండు వానాకాలాలు తిరిగేసరికి కిటికీ ఎత్తున ఉప్పు పూసింది. ఈసారి మేస్త్రి మళ్లీ "సిమెంటు పూత వేసేద్దామండి, శాశ్వతం" అన్నాడు. నేను సరే అనబోయాను. మా ఆవిడ చీపురు చేత్తోనే అడ్డుకుంది. "ఈ గోడ కింద రాలిన ఉప్పు పదేళ్లుగా ఎత్తుతున్నాను. ఏ నెల్లో ఎంత రాలుతుందో నన్నడగండి" అంది. సున్నం పూతే వేశాం. ఇంజనీరుకి పుస్తకంలో తెలిసేది, ఇల్లాలికి చేటలో తెలుస్తుంది. "ఇంటికి దీపం ఇల్లాలు" అని పొద్దస్తమానం చెబుతాం గానీ, ఆ దీపం స్విచ్చి ఎక్కడ పెట్టాలో మాత్రం ఆవిణ్ణి అడగం.

అసలు మేం పని ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి. నా చిన్నప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి మా అరుగు మీదకొచ్చేవాళ్లం. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. కంకర, తారు, పైన సిమెంటు. చివరికి రోడ్డు మీంచి ఒక మెట్టు దిగి ఇంట్లోకి రావాల్సి వచ్చింది. వాన కురిస్తే వీధి నీళ్లు చుట్టాల్లా చెప్పులతోనే సావిట్లోకి వచ్చేవి. ఈ బాధ డెల్టా అంతటా ఉంది. అందుకే ఈమధ్య జాకీలు పెట్టి ఇళ్లకి ఇళ్లే పైకి లేపుతున్నారు. మా ముందు మూడు దార్లున్నాయి: పడగొట్టి కట్టడం, జాకీలతో లేపడం, లోపల నేల ఎత్తు పెంచి తలుపులూ కిటికీలూ పైకి జరుపుకోవడం. నాకు మేడ కావాలి. రోడ్డు మీద పోయేవాడు తలెత్తి చూసే మేడ. ఆవిడకి నేల ఎత్తు కావాలి, అమ్మ గది పక్కనే స్నానాల గది కావాలి, వంగకుండా నిలబడే వంటిల్లు కావాలి. మా మూడ్రోజుల మౌనం దీని మీదే.

ఆ మౌనాన్ని విరిచింది మా అమ్మ. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్ఫయ్యయిదు లక్షల క్యూసెక్కులు పారిన ఆ వరదలో మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఎంత ఎత్తు వచ్చాయన్నది నేను మోకాలు దాకా అనుకుంటున్నాను. అమ్మ లేచి గాదె పక్క గోడ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించింది. సున్నాల కింద దాగిపోయిన గీత అది, ఆవిడ తొడ ఎత్తున ఉంది. "ధాన్యం తీసుకోలేకపోయాం, అందుకు గుర్తుంది" అంది. నేను మోకాలు నమ్ముకుని నేల ఎత్తు పెంచి ఉంటే వచ్చే పెద్ద వరదకి బియ్యం డబ్బా పడవయ్యేది. మేడ మానేశాం. ఆ గీత కన్నా ఒక ఇటుక పైకి నేల పోశాం. కప్పూ అందుకు తగ్గట్టు లేచింది. పాత పెంకుల్లో పగలనివి దించి, కడిగి, మళ్లీ ఎక్కించాం.

వంట గట్టు దగ్గర ఇంకో చిన్న యుద్ధం. మేస్త్రికి మామూలు అనే ఒక కొలత ఉంటుంది. ఆ మామూలు మూడడుగులు. ఎవరి మామూలు అని ఎవరూ అడగరు. మా ఆవిడ అయిదడుగుల మనిషి. నేను "ఇల్లన్నాక అందరిళ్లలాగే ఉండాలి, రేపు అమ్మాలన్నా ఇబ్బంది" అన్నాను. ముప్ఫయ్యేళ్లు కదలని ఇల్లు రేపు అమ్ముతానని ఏ దేవుడికి మొక్కానో నాకే తెలియదు. ఆవిడ వాదించలేదు. పొడి ఇటుకలు మూడడుగులు పేర్చి, పైన చెక్క వేసి, చెక్క మీద గ్యాసు పొయ్యి, పొయ్యి మీద ఇడ్లీ పాత్ర పెట్టింది. మూత తీసి లోపలికి చూడబోతే మునివేళ్ల మీద లేవాల్సి వచ్చింది. ఆవిరి నేరుగా మొహానికి కొడుతుంది. నన్ను పిలిచి చూపించింది. ఒక వరస ఇటుకలు తీసింది, మళ్లీ చూసింది. ఇంకొంచెం దించి, రెండడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీసింది. మేస్త్రి "ఆయ్, పొట్టిగా కనపడుతుందండి" అన్నాడు. "వండేదాన్ని నేనే పొట్టిగా ఉన్నాను, గట్టు పొడుగ్గా ఉండి ఏం చేస్తుంది?" అంది. ఆవిడ పాతిక ముప్ఫయ్యేళ్ల నడుంనొప్పి ఆ గీత దగ్గర ఆగిపోయింది.

మా ఆవిడదే ఎప్పుడూ పైచెయ్యి అనుకోకండి. సావిట్లోకీ స్నానాల గదిలోకీ అద్దంలాంటి పలకలు వేయించాలని తను పట్టుబట్టింది. నేను కొట్టు నుంచి ఒక పలక తెచ్చి, బోరు పంపు దగ్గర పెట్టి, చెంబుడు నీళ్లు పోసి, కాలు పెట్టమన్నాను. జర్రున జారింది. అమ్మ వయసు గుర్తొచ్చింది. గరుకు పలకలు వేశాం. తన తప్పు నేను పట్టాను, నా తప్పులు రెండు తను పట్టింది. ఒక్క చేతి మీద నడిచుంటే ఎవరి చెయ్యి అయినా ఆ తప్పులన్నీ సిమెంటులో గడ్డకట్టేవి. తగువు ఖరీదు మూడ్రోజుల మౌనం. తగువు లేకపోవడం ఖరీదు అమ్మ తుంటి ఎముక.

మూడో కాలు కాంట్రాక్టు. కొత్త స్థలంలో కొత్త ఇల్లయితే ఆ పద్ధతికి అర్థముంది, కాదనను. పాత ఇంటి మరమ్మతుకి అది కుదరదు. విప్పితేగానీ పాత ఇంట్లో ఏముందో ఎవరికీ తెలియదు. అప్పటికి నేను సర్వీసులో ఉన్నాను. పొద్దున ఎనిమిదిన్నరకి బస్సెక్కితే సాయంత్రం దిగేవాణ్ణి. ఒకరోజు పదకొండింటికి పెంకులు దించి చూస్తే దూలం ఒక చివర చెద తినేసి ఉంది. మార్చాలా, పుచ్చినంత మేర కోసి కొత్త కర్ర అతకాలా? ఆకాశం మబ్బుపట్టి ఉంది, పనివాళ్లు నిలబడి ఉన్నారు. ఆ క్షణంలో ఇంట్లో ఉన్నది ఎవరు? ఒక్క చేతి సిద్ధాంతం ప్రకారం ఆవిడ నాకు ఫోను చెయ్యాలి, నేను పదో తరగతి పిల్లల మధ్య నిలబడి, చూడని దూలం గురించి "సరే కానీండి" అనాలి. మన ఊళ్లలో సగం ఇళ్లు ఇలా చూడకుండా సరే అన్న ఇళ్లే.

పైగా కాంట్రాక్టరు వస్తే ఆలూమగల మధ్య తగువు పోదు, వాయిదా పడుతుంది. ఒప్పందం కాయితంలో "మంచి రకం" అని రాసుంటుంది. ఎవరికి మంచి అన్నది గోడ లేచాక తెలుస్తుంది. అప్పుడు కొట్టి కట్టాలి. కొట్టినందుకు ఒక కూలి, కట్టినందుకు ఒక కూలి, దాని పేరు ఎక్స్‌ట్రా. కాయితం మీద గీసేటప్పుడు అయిదు నిమిషాల్లో, రబ్బరుతో పోయే తగువుని గోడ లేచేదాకా ఆపి సుత్తితో పరిష్కరించుకోవడం తెలివా? ఈమధ్య ఊరూరా మండువా లోగిళ్లు నేలమట్టం కావడంలోనూ నాకు ఇదే కనపడుతుంది. చెడిపోయినవి కొన్నుంటాయి, ఒప్పుకుంటాను. చాలావాటికి మరమ్మతు చాలు. కానీ మరమ్మతుకి గదిగదికీ కూర్చుని మాట్లాడుకోవాలి. పడగొట్టడానికి మాట్లాడుకోనక్కర్లేదు, పొక్లెయినుకి ఫోను చేస్తే చాలు.

ఇప్పుడు అసలు అన్యాయం దగ్గరికి వస్తాను. ఇల్లు ఇద్దరి పేరా ఉంటే బ్యాంకు ఇద్దరి సంతకాలూ లేకుండా అప్పివ్వదు. మా ఇద్దరి సంతకాలూ ఒకే బల్ల మీద, ఒకే పెన్నుతో జరిగాయి. వాయిదా తప్పితే నోటీసు ఇద్దరికీ వస్తుంది. గొలుసు తాకట్టు పెట్టాల్సివస్తే ఆవిడ మెళ్లోదే తీస్తాం. అప్పుకి అక్కరకొచ్చిన మనిషి ఇటుకకి పనికిరాకుండా ఎలా పోతుంది?

చట్టం మన కన్నా ముందుంది. కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చే సవరణని 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా మన రాష్ట్రం 1986లోనే చేసింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో ఇళ్ల స్థలాల పంపిణీ మొదలైనప్పుడు పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. పట్టా మీద పేరు ఆవిడది. మరి మరుగుదొడ్డి తలుపు ఎటు తెరుచుకోవాలో చెప్పే మాట ఎవరిది? కాయితం మీద యజమానురాలూ, కట్టుబడి దగ్గర టీ మనిషీ. ఆ రెండింటి మధ్య దూరాన్ని ఏ ప్రభుత్వమూ కొలవలేదు, అది మన ఇళ్లలో కొలుచుకోవాల్సిందే.

మా కోనసీమ నుంచీ, అవతల నరసాపురం వైపు నుంచీ ఎందరో ఆడవాళ్లు కువైటు, మస్కటు, ఖతరు వెళ్లి ఇళ్లల్లో పనిచేస్తున్నారు. ఇంటిపనికి వెళ్లే ఆడమనిషికి ముప్ఫయ్యేళ్లు నిండితేగానీ అక్కడికి వెళ్లే అనుమతి రాదు. అంటే వెళ్లేది ఎక్కువగా బిడ్డల తల్లులే. ఆ డబ్బుతో లేచిన ఒక మేడ గృహప్రవేశానికి నేను వెళ్లాను. కట్టించినావిడ రెండేళ్ల తరవాత ముందురోజే దిగింది. తన ఇంట్లో తనే దారి అడిగి తిరుగుతోంది. ముందు వసారాకి నాలుగు స్తంభాలు, వాటి మీద సింహాలు. వంటింట్లో సింకు ఒక గోడకి, కిటికీ దానికి ఎదురు గోడకి. అరబ్బుల వంటిళ్లలో ఆరేళ్లు నిలబడిన మనిషి ఆ సింకు దగ్గర నిలబడి, గోడకేసి చూసి, ఏమీ అనకుండా బయటికొచ్చింది. ఆ మౌనాన్ని ఊరు "ఎంత మంచి కాపురమో, ఒక్క మాట అనుకోరు" అని మెచ్చుకుంది. మాటలు లేని ఆ కాపురం కన్నా మా మూడ్రోజుల తగువే నాకు నయమనిపిస్తుంది.

రాజమండ్రిలో ఈ ఒక్క చేతి సిద్ధాంతానికి ఎప్పుడో జవాబు దొరికింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు కట్టుబాటు పెట్టింది. వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు గడప తొక్కలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చారు, వంట చేశారు, వెలిపడ్డ ఇంటిని నడిపారు. అంతకన్నా పెద్ద ఇంటి పని ఏ దంపతులు తలకెత్తుకున్నారు? ఒకటే ఇల్లు, దానికి అంతవరకూ లేని తలుపు పెట్టడం. ఆనాటి పెద్దలూ కొంపలంటుకుంటాయనే అన్నారు. ఆవిడ బిందె దించేసి ఉంటే పంతులు గారి సంస్కరణ కాయితాల మీద ఎన్నాళ్లు నడిచేదో! ఆయన ఇల్లు ఇప్పటికీ రాజమండ్రిలో స్మారకంగా ఉంది. అయినా పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నేను కూడా ముప్ఫయ్యేళ్లు "భార్య ఆయనకి సహాయపడింది" అనే చెప్పాను. "అమ్మాయికి ఏ శ్రమా లేకుండా" అన్న మా బంధువు భాషా, నా భాషా ఒకే బట్టీలో కాలిన ఇటుకలు.

నా వాదానికి గట్టి అడ్డు ఒకటుంది, దాన్ని దాటవెయ్యను. ఇద్దరు చెబితే మేస్త్రి ఎవరి మాట వినాలి? పొద్దున అయ్యగారు కిటికీ ఇక్కడంటారు, మధ్యాహ్నం అమ్మగారు అక్కడంటారు, సాయంత్రానికి గోడ చిల్లులు పడుతుంది. నిజమే, మాకూ ఒక కిటికీ అలా రెండుసార్లు కదిలింది. దీనికి మందు మన కాలవల దగ్గరుంది. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట కాలం నుంచి, 1982లో దాని స్థానంలో నిలిచిన బ్యారేజీ కాలం దాకా ఈ డెల్టా మరమ్మతుల మీదే బతుకుతోంది. ఏటా ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. కట్టేసే తేదీ ముందే చెబుతారు. ఆ లోపు మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం. నీళ్లు లేనప్పుడే లాకులూ గట్లూ బాగుచేస్తారు, పారే కాలవలో ఎవడూ గోడ కట్టడు. ఇంట్లోనూ అంతే. ముందు చెరువు నింపుకోవాలి, అంటే ఎవరి దగ్గరెంతుందో, ఎవరికెంత అప్పుందో ఇద్దరూ ఒకే కాయితం మీద వేసుకోవాలి. నిర్ణయాలు రాత్రిపూట, పనివాళ్లు వెళ్లాక. మా దగ్గర ఒక పొడుగు నోటుబుక్కుంది. ఎడమ పేజీ తనది, కుడి పేజీ నాది, ఇద్దరం ఒప్పుకున్నదాని కింద అడ్డగీత. గీత పడనిది మర్నాడు మేస్త్రికి చెప్పకూడదు. శనివారం బట్వాడా లెక్క ఇద్దరం కలిసే చూసేవాళ్లం. చెప్పడానికి మాత్రం ఒక్కరే. కలపకీ ఇనుముకీ నేను, వంటింటికీ నీళ్ల గొట్టాలకీ తను. తలలు రెండు, నోరు ఒకటి. మేస్త్రికి కావలసింది ఆ ఒక్క నోరు. అది మగవాడిదే కావాలని అతనూ కోరలేదు. నాలుగో నెల నుంచి గొట్టాల సంగతి నేనడిగితే "ఆయ్, అమ్మగారినడిగి చెబుతానండి" అనేవాడు.

ఈ సలహా అందరికీ కాదు. చెయ్యి చేసుకునే మొగుడున్న ఇంట్లో, తాగొచ్చి లెక్క అడిగే మొగుడున్న ఇంట్లో నోటుబుక్కు పని చెయ్యదు. అక్కడ బాగుచెయ్యాల్సింది ఇల్లు కాదు. చేతిలో డబ్బు లేకుండా నూటికి మూడు వడ్డీకి తెచ్చి సంక్రాంతికి అల్లుడొచ్చేలోపు రంగులతో సహా అయిపోవాలనుకునేవాళ్లకీ ఇది కాదు. వాళ్ల తగువు కాలంతోనూ షావుకారుతోనూ. మిగతా మనందరం, రోజూ ఒకే కంచంలో లెక్కలు కలుపుకు తినేవాళ్లం, ఇటుక దగ్గర మాత్రం విడిపోతున్నాం.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. 1952లో విజయా వారు ఆ సామెతలో సగం పేరుగా పెట్టుకుని సినిమా తీశారు. మిగతా సగం మన వీధుల్లో రోజూ ఆడుతూనే ఉంది. పెళ్లి చెయ్యాలంటే రెండు వైపులవాళ్లనీ కూర్చోబెట్టి మాటలు మాట్లాడుకుంటాం. వంకాయ కూరా గుమ్మడికాయ దప్పళమా అని కూడా పదిమందినడుగుతాం. ఇంటి దగ్గరకొచ్చేసరికి ఒక్కడి చేతిలో పెట్టి మిగతావాళ్ల నోరు మూస్తాం. సామెత మాత్రం ఒక్కడివే కట్టి చూడమని ఎక్కడా అనలేదు.

మా ఇల్లు పూర్తయి ఆరేళ్లు దాటింది. మేడ లేదు. రోడ్డున పోయేవాడెవడూ తలెత్తి చూడడు. వంట గట్టు పక్కన రంగులు వేసేవాడు ఆ పెన్సిలు గీత మీద లప్పం పెట్టబోతే మా ఆవిడ వద్దంది, అది అలాగే ఉంది. మొన్న వేసవిలో మా వీధిలో మళ్లీ రోడ్డేశారు. నాలుగంగుళాలు పెరిగింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని, కొత్త రోడ్డుకీ మా మెట్టుకీ మధ్య తేడా బెత్తతో కొలిచి, నేను ఇంకా దిగులుపడటం మొదలుపెట్టకముందే లోపల బీరువా తలుపు చప్పుడైంది. ఆ పొడుగు నోటుబుక్కు తెచ్చి నా పక్కన పెట్టి, కొత్త పేజీ తిప్పి, "ఏవండీ, మీ వైపు మీరు రాయండి" అంది.